ముందు వినండి, తర్వాత మాట్లాడండి: దేవునితో రోజూ ఒక పావుగంట

ఆదివారం ఆరాధన తప్పరు, గృహ కూడికల్లో గొంతెత్తి పాడతారు, ఉపవాస ప్రార్థన అంటే ముందు వరసలో ఉంటారు. అయినా "దేవుడు నాతో మాట్లాడినట్టే అనిపించదు అయ్యగారూ" అనే మాట కర్నూలు, అనంతపురం, కడప సంఘాల్లో తరచుగా వినపడుతుంది. కాస్త లోతుగా అడిగితే చాలామందిలో కారణం ఒకటే. వాళ్లు దేవునితో మాట్లాడుతున్నారు గానీ, ఆయన మాట వినడానికి రోజులో ఎక్కడా చోటు పెట్టుకోలేదు. ప్రార్థనంతా అడగడంతోనే అయిపోతుంది. బైబిలు ఆదివారం సంచిలో గుడికి వచ్చి, అదే సంచిలో ఇంటికి పోతుంది. ఈ వరస మారడానికి రోజుకు పావుగంట చాలు. ఆ పావుగంటను ఎలా నిలబెట్టుకోవాలో, ఎక్కడెక్కడ చెడిపోతుందో చూద్దాం.

సమయం, చోటు

యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి ఏకాంత స్థలానికి వెళ్లి ప్రార్థించాడని మార్కు 1:35లో ఉంది. అది చదివి, రేపట్నుంచి నాలుగింటికే లేవాలని తీర్మానించుకుని, వారం తిరక్కముందే మానేసేవాళ్లు ఎక్కువ. పదకొండింటికి పడుకునే ఇంట్లో నాలుగింటికి లేవడం నిలవదు. దానియేలు రోజుకు మూడుసార్లు మోకరించేవాడు (దానియేలు 6:10). తెల్లవారుజామునే అన్న చట్టం లేఖనంలో లేదు.

అందుకే సమయాన్ని గడియారానికి కట్టకండి, రోజూ ఎలాగూ జరిగే ఒక పనికి కట్టండి. వాకిలి ఊడ్చాక, పాలు పితికాక, కుళాయి నీళ్లు పట్టుకున్నాక, ఇలా ఏదో ఒకటి. ముద్దనూరు వైపు థర్మల్ ప్లాంటులోనో సిమెంటు ఫ్యాక్టరీలోనో షిఫ్టు డ్యూటీ చేసేవారికి "పొద్దున ఐదు" అంటే కుదరదు. "ఇంటికొచ్చి స్నానం చేయగానే, అన్నానికి ముందు" అని పెట్టుకుంటే మూడు షిఫ్టుల్లోనూ నిలుస్తుంది. ఎండాకాలం పొద్దున్నే ఉపాధి పనికి పోయేవాళ్లు రాత్రి మిద్దె మీద పడక వేసుకోకముందు పెట్టుకోవచ్చు. పడక మీద కూర్చుని మొదలుపెడితే మాత్రం రెండో వచనానికి నిద్ర వస్తుంది, అది పాపం కాదు, ఒళ్లు అలసిపోవడం. పక్కనే చాప వేసుకుని కూర్చోండి.

గదిలోకి వెళ్లి తలుపు వేసుకొని ప్రార్థించమని ప్రభువు చెప్పాడు (మత్తయి 6:6). ఆరుగురు ఉండే ఒంటి గది ఇంట్లో తలుపు ఎక్కడిది? గోడవైపు తిరిగి తలమీద కొంగు కప్పుకున్నా చోటే. మిద్దె మెట్ల పైన, చేను గట్టున వేపచెట్టు కింద, స్టాండులో ఆపుకున్న ఆటోలో వెనక సీటు, మధ్యాహ్నం ఖాళీగా ఉండే మందిరం, అన్నీ పనికొస్తాయి. రోజూ అదే చోటైతే, కూర్చోగానే మనసు కుదురుకోవడం కొన్నాళ్లకు తేలికవుతుంది.

కూర్చునే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి మూడే: బైబిలు, వంద పేజీల నోటు పుస్తకం, పెన్ను. ఫోను పక్క గదిలో. చూపు ఆనక ఫోన్లో పెద్ద అక్షరాలతో చదివేవారు ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకోవాలి. లేకపోతే ఒక్క మెసేజీ శబ్దంతో పావుగంటంతా వాట్సాప్‌కే పోతుంది.

పావుగంటలో ఏం చేయాలి

మొదటి రెండు నిమిషాలు ఏమీ అడగకండి. "ప్రభువా, వింటున్నాను" అని ఒక్క మాట చెప్పి ఊరుకోండి. బాలుడైన సమూయేలుకు ఏలీ నేర్పింది ఇదే (1 సమూయేలు 3:9-10). గ్యాసు బుకింగ్, చిట్టీ కిస్తు, పిల్లల ఫీజు, అన్నీ ఆ రెండు నిమిషాల్లోనే గుర్తొస్తాయి. వాటితో పోట్లాడకుండా, నోటు పుస్తకం చివరి పేజీలో ఒక్కో మాటగా రాసి పక్కన పెట్టండి. రాసి పెట్టుకున్నది మరిచిపోతామన్న బెంగ ఉండదు కాబట్టి మనసు వదిలేస్తుంది.

తర్వాత ఐదు నిమిషాలు చదవడం. కొత్తగా మొదలుపెట్టేవారికి మార్కు సువార్త మంచిది. అధ్యాయాలు 16, కథ వేగంగా నడుస్తుంది, పాత తెలుగు అలవాటు లేనివారికి కూడా వెంటనే అర్థమవుతుంది. రోజుకు పది, పన్నెండు వచనాల చొప్పున సుమారు రెండు నెలల్లో పూర్తవుతుంది. ఆ తర్వాత నాలుగు అధ్యాయాల ఫిలిప్పీయులు, ఐదు అధ్యాయాల యాకోబు, మధ్యమధ్య కీర్తనలు. "ఏడాదిలో బైబిలంతా" అనే పట్టిక మొదటి ఏడాది పెట్టుకోకండి. మొత్తం 1189 అధ్యాయాలు, రోజుకు మూడుకు పైగా చదవాలి. చాలామంది లేవీయకాండంలోకి రాగానే ఆగిపోతారు, ఆగిపోయామన్న సిగ్గుతో బైబిలే మూసేస్తారు. అంతగా పట్టిక కావాలంటే కొత్త నిబంధన పట్టుకోండి: 260 అధ్యాయాలు, వారానికి ఐదు రోజులు ఒక్కో అధ్యాయం, సరిగ్గా 52 వారాలు. రెండు రోజులు తప్పినా పట్టిక చెడదు.

పెదవులు కదిలేలా, మీ చెవికి వినపడేలా చదవండి. రెండుసార్లు. మొదటిసారి ఏం జరిగిందో తెలుసుకోవడానికి, రెండోసారి ఎక్కడ మనసు ఆగుతుందో చూడటానికి. చదువు రానివారు ఆడియో బైబిలును అలాగే రెండుసార్లు వినొచ్చు. అక్షరం తెలియని మన పెద్దలెందరో కీర్తనలు పాడి, వాక్యం కంఠతా పట్టి దేవుణ్ణి ఎరిగారు. చదువు రాకపోవడం ఇందులో అడ్డం కాదు.

ఒక భాగం తీసుకుని చూద్దాం. మార్కు 10:46-52, ఏడే వచనాలు. యెరికో దారి పక్కన బర్తిమయి అనే గుడ్డివాడు అడుక్కుంటూ కూర్చున్నాడు. యేసు వస్తున్నాడని విని కేక వేశాడు. ఊరుకోమని జనం గద్దించారు, వాడు ఇంకా గట్టిగా అరిచాడు. యేసు నిలబడి వాణ్ణి పిలిపించాడు. వాడు పైబట్ట పారేసి లేచి వచ్చాడు. అప్పుడు యేసు అడిగింది: నేను నీకేం చేయాలని కోరుతున్నావు? గుడ్డివాడికి ఏం కావాలో ఆయనకు తెలియదా? తెలుసు. అయినా వాడి నోటితో చెప్పించాడు. రెండోసారి చదువుతున్నప్పుడు ఆ ప్రశ్న దగ్గర ఆగండి. అది మిమ్మల్నే అడిగినట్టు వినండి. ఇంకా ముందుకు చదవాల్సిన పనిలేదు, ఆ రోజుకు వాక్యం అదే.

ఇప్పుడు ఐదు నిమిషాల ప్రార్థన. చదివినదానికి జవాబుగా మొదలుపెట్టండి, మీ లిస్టుతో కాదు. చెప్పేది మీ ఇంటి మాటల్లోనే చెప్పండి. "కృపగల తండ్రీ, మహోన్నతుడా, మహిమా ఘనతా ప్రభావములు..." అంటూ మైకు ముందు మాట్లాడినట్టు మొదలుపెట్టి, అవే మాటల్లో ముగించేస్తే, ఈ మనిషి ఎవరో, ఈ రోజు ఏమైందో ఆ ప్రార్థనలో ఎక్కడా ఉండదు. స్తుతి మాటలు తప్పని చెప్పడం లేదు. వాటి వెనక దాక్కోవద్దని చెబుతున్నాం. పై ప్రశ్నకు అనంతపురం జిల్లా వేరుశనగ రైతు జవాబు ఇలా ఉండొచ్చు:

"ప్రభువా, వాన కావాలని రోజూ అడుగుతాండా. అది కావాల్సిందే. కానీ లోపలుండే భయం వేరే. అప్పోళ్లు ఇంటి ముందరికొచ్చి, నా బిడ్డలు చూస్తా ఉంటే నన్ను మాటంటారని. రాత్రిళ్లు దానికే నిద్ర పట్టడంల్యా. ఆ భయం తీసెయ్. రేపు బ్యాంకుకు పోయి మేనేజరుతో ఉన్నది ఉన్నట్టు చెప్పే ధైర్యం ఇయ్యి."

ఈ ప్రార్థనలో ఏం జరిగిందో గమనించండి. వాన దగ్గర మొదలైనది భయం దగ్గరికి చేరింది, భయం నుంచి రేపు చేయాల్సిన పనికి వచ్చింది. వాక్యం అడిగిన ప్రశ్న లేకపోతే అది వాన దగ్గరే ఆగేది. సంబంధం లోతు కావడం అంటే మాకు తెలిసింది ఇదే.

మాటలే రానిరోజు ప్రభువు ప్రార్థనను (మత్తయి 6:9-13) ఒక్కో విన్నపం దగ్గర ఆగుతూ చెప్పండి. "మా అనుదినాహారము" దగ్గర ఆ రోజు ఖర్చులు, "మా ఋణస్థులను" దగ్గర ఒక మనిషి పేరు. అలా చెబితే ఐదు నిమిషాలు చాలవు.

మిగిలిన మూడు నిమిషాలు నోటు పుస్తకానికి. తేదీ, చదివిన భాగం, మనసు ఆగిన మాట ఒక్క వరస, అడిగిన ఒక్క విషయం, ఈ రోజు చేయాల్సిన ఒక్క పని. కుడిపక్క మార్జిన్ ఖాళీ వదలండి. నెలాఖరున వెనక్కి తిరగేసి ఆ మార్జిన్‌లో మూడింట్లో ఒకటి రాయండి: "జరిగింది", "కాదన్నాడు", "ఇంకా". "కాదన్నాడు" అని రాయడానికి చాలామంది జంకుతారు. రాయండి. తన శరీరంలో ముల్లులాంటి బాధను తీసేయమని పౌలు మూడుసార్లు అడిగినా దేవుడు తీయలేదు, నా కృప నీకు చాలునన్నాడు (2 కొరింథీయులు 12:8-9). కాదన్న జవాబు కూడా మాట్లాడే దేవుడి నుంచి వచ్చిందే.

వాగ్దాన వాక్యం విషయంలో

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకున్న వాగ్దానం కార్డు అద్దానికి అంటించుకోవడం, పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే వాక్యం స్టేటస్ పెట్టుకోవడం మన ఇళ్లలో మామూలు. మంచిదే, కానీ దాన్ని ధ్యానమని అనుకుంటే నష్టం. మీ గురించి నా ఉద్దేశాలు సమాధానకరమైనవే, హానికరమైనవి కావు అని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 అందరి ఇళ్లలోనూ ఉంటుంది. దాని పైనున్న పదో వచనంలో బబులోనులో 70 ఏళ్లు గడవాలని ఉంది, ఐదో వచనంలో ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని ఉంది. బందీలుగా పోయినవాళ్లకు, త్వరగా తిరిగి రాలేరని చెబుతూనే ఇచ్చిన నిరీక్షణ అది. పదకొండు ఒక్కటే చదివినవాడు మార్చికల్లా ఉద్యోగం రాలేదని దేవుడి మీద అలుగుతాడు. అధ్యాయమంతా చదివినవాడు ఉన్నచోట చెట్టు నాటుకుంటాడు. కార్డు వచ్చిన రోజే ఆ అధ్యాయం మొత్తం చదవండి.

పగలంతా, రాత్రి పడుకోబోయే ముందు

రాజు ప్రశ్నకు జవాబు చెప్పేలోపు నెహెమ్యా ప్రార్థించాడు (నెహెమ్యా 2:4). కళ్లు మూసుకునే వ్యవధి కూడా ఉండి ఉండదు. బేరం దగ్గర, తహసీల్దారు ఆఫీసు వరసలో, కోపం గొంతు దాకా వచ్చినప్పుడు "ప్రభువా, నా నోరు కాయి" అన్న ఒక్క మాట చాలు. పొద్దున ఆగిన వాక్యాన్ని ఇలాంటిచోట తిరిగి తెచ్చుకోవాలంటే అది నోటికి వచ్చి ఉండాలి. వారానికి ఒక్క వచనం, గోడ మీద సుద్దముక్కతో రాసుకుంటే ఇంటిల్లిపాదికీ వస్తుంది. 23వ కీర్తన ఆరు వచనాలే, ఆరు వారాల్లో పూర్తి.

రాత్రి ఐదు నిమిషాలు వెనక్కి చూసుకోండి. ఈ రోజు దేవుని మేలు ఎక్కడ కనిపించింది? ఎవరిని నొప్పించాను? రేపు దేనికి భయపడుతున్నాను? మొదటిదానికి స్తోత్రం, రెండోదానికి ఒప్పుకోలు, మూడోది అప్పగింత. 4వ కీర్తన చివరి వచనం చెప్పుకుని పడుకోండి.

ప్రార్థనకు అడ్డం పడే తగాదా

వాక్యం చదువుతున్నా, టైము తప్పకపోయినా లోపల గోడలా అడ్డం ఉందనిపిస్తే, ముందు ఇంట్లో చూడండి. భార్యను గౌరవించని భర్త ప్రార్థనకు అభ్యంతరం కలుగుతుందని 1 పేతురు 3:7 స్పష్టంగా చెబుతుంది. అర్పణం బలిపీఠం దగ్గరే వదిలి, ముందు సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పాడు (మత్తయి 5:23-24). గట్టు తగాదా, ఆస్తి పంపకం, పెండ్లిలో జరిగిన అవమానం, ఇవన్నీ పెట్టుకుని ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధనకు వచ్చే అలవాటు మన సంఘాల్లో ఎంత బలంగా ఉందో అందరికీ తెలుసు. బల్ల ఆదివారానికి ముందు శనివారమే వెళ్లండి. మాట్లాడేది పొట్టిగా ఉండాలి: "అన్నా, ఆ రోజు నేనన్న మాట తప్పు. మన్నించు." అక్కడితో ఆపాలి. "కానీ నువ్వు కూడా..." అని మొదలైందంటే తగాదా మళ్లీ మొదటికి వస్తుంది. వాళ్లు మొహం తిప్పుకున్నా మీ వంతు మీరు చేసినట్టే.

ఒకటి మాత్రం కలగలపకండి. కొట్టే భర్తను క్షమించడమంటే దెబ్బలు తింటూ అక్కడే ఉండటం కాదు. ప్రార్థించు, సర్దుకుపో అని మాత్రమే చెప్పి పంపేవారి సలహా వినొద్దు. మహిళల హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేయండి, నమ్మకమైన వాళ్ల ఇంటికి వెళ్లండి.

ఎండిపోయినట్టు ఉన్నప్పుడు

ఇది అందరికీ వస్తుంది. 63వ కీర్తనలో దావీదు నీళ్లు లేక ఎండిన దేశంలో దేవుని కోసం దప్పిగొన్నానని పాడాడు. రాయలసీమలో పుట్టినవాళ్లకు ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. కారణాన్ని బట్టి మందు మారుతుంది. అలసట అయితే నిద్రే మందు. చావాలని కోరుకున్న ఏలీయాకు దేవుడు ముందు నిద్ర, రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మాటలు తర్వాత (1 రాజులు 19). దాచుకున్న పాపమైతే 51వ కీర్తన, దాంతోపాటు నోరు జారని ఒక పెద్ద మనిషి దగ్గర ఒప్పుకోలు (యాకోబు 5:16). దుఃఖమైతే స్తుతి పాటలు బలవంతంగా పాడకండి. 13వ కీర్తన "ఎన్నాళ్లు" అని నాలుగుసార్లు అడుగుతుంది, 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది. అవీ దేవుడిచ్చిన ప్రార్థనలే. పంట పోయిన ఏడు హబక్కూకు 3:17-18 చదవండి. అంజూరం పూయలేదు, చేనిలో పంట లేదు, సాలలో పశువులు లేవు అని లెక్కంతా చెప్పాకే ఆ ప్రవక్త ఆనందిస్తానన్నాడు. నష్టం దాచిపెట్టలేదు.

ఏ కారణమూ కనపడకపోతే పావుగంటను మార్చకుండా అలాగే కొనసాగించండి. అనుభూతి కోసం సమయం పెంచడం, రాత్రంతా మేల్కోవడం లాంటివి అప్పుడు చేయకండి.

రెండు వారాలు దాటినా దిగులు తగ్గక నిద్రా ఆకలీ చెడినా, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, ఏ సమయంలోనైనా. విశ్వాసం తక్కువైందనో, మందులు మానేయమనో ఎవరైనా చెబితే వినకండి. ఈ సీమకు సువార్త తెచ్చినవాళ్లే జమ్మలమడుగులో ఆసుపత్రి కూడా కట్టారు.

ఉపవాసం

మొదట వారానికి ఒక్క పూట, మధ్యాహ్న భోజనం మానండి. ఆ అరగంట వాక్యానికి, ఆ భోజనం ఖర్చు ఆకలితో ఉన్నవారికి (యెషయా 58:7). ఆ డబ్బు ఇవ్వకపోతే అది ఉత్త పస్తు. ఏప్రిల్, మే ఎండల్లో నీళ్లు మానే ఉపవాసం వద్దు, వడదెబ్బ తగులుతుంది. షుగరుకు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు పూట మానకూడదు. టీవీ, ఫోను మానడం వాళ్లకు సరిపోయే ఉపవాసం.

ఇంట్లో అందరితో

కుటుంబ ప్రార్థన పది నిమిషాలు దాటనివ్వకండి. ఒక పాట, ఆరేడు వచనాలు, ఇద్దరి ప్రార్థన. చదివేది పిల్లలు. ప్రార్థనలో దేవుడికి చెబుతున్నట్టు కోడలికి చురకలు వేయడం, "సోమరితనం పోగొట్టు ప్రభువా" అని కొడుకు వైపు చూడటం చాలా ఇళ్లలో ఉంది. పిల్లలు ప్రార్థనంటే పారిపోయేది దానికే. చెప్పాల్సింది ఉంటే అన్నం దగ్గర నేరుగా చెప్పండి. ఇంట్లో వేరే విశ్వాసం ఉన్నవాళ్లుంటే మైకు గొంతు వద్దు, బలవంతం అసలే వద్దు.

రాజంపేట, రాయచోటి వైపు ఎన్నో ఇళ్లలో భర్తో భార్యో కువైట్‌లో ఉంటారు. అక్కడి సమయం మనకంటే రెండున్నర గంటలు వెనక. మనకు రాత్రి తొమ్మిదిన్నర అయితే వాళ్లకు ఏడు. వారానికి రెండుసార్లు ఫోన్లో ఒకే కీర్తన ఒక్కో వచనం ఇద్దరూ చదువుకుని, ఒకరి కోసం ఒకరు రెండు మాటలు ప్రార్థించుకోండి. డబ్బు సంగతి ప్రార్థన అయ్యాకే ఎత్తండి. సిగ్నల్ తెగితే అదే వచనం రాసి పంపండి.

తప్పిపోయిన రోజులు

పెండ్లి, చావు, కోత, జ్వరం, సుగ్గికి గుంటూరు వైపు వలస, ఏదో ఒకటి వచ్చి పావుగంట ఆగిపోతుంది. ఆగిన నాలుగు రోజుల బాకీ ఒకే రోజు తీర్చాలని కూర్చోకండి. ఎడారిలో దేవుడిచ్చిన ఆహారమైన మన్నాను ఇశ్రాయేలీయులు ఏ రోజుది ఆ రోజే ఏరుకున్నారు (నిర్గమ 16). మార్కు ఐదో అధ్యాయం దగ్గర ఆగి ఉంటే ఐదో అధ్యాయమే తెరవండి. పావుగంట కుదరకపోతే ఐదు నిమిషాలు: ఒక నిమిషం మౌనం, రెండు నిమిషాలు వాక్యం, రెండు నిమిషాలు జవాబు. వలస పోయేటప్పుడు సంచిలో పెట్టుకోవడానికి పాత బైబిలు బరువైతే చేతిలో ఇమిడే కొత్త నిబంధన కొనుక్కోండి, కీర్తనలు కలిపి ఉన్నది అడిగి తీసుకోండి.